రెన్నెల్ పటంలో ఖాళీ: పాత చెక్కడపు పటాలు, మన్యం చరిత్ర

గుమ్మలక్ష్మీపురం నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఒక మండల కేంద్రం. చుట్టూ సవర, జాతాపు గూడేలు, కొండలు దాటితే ఒడిశా. ఐరోపావారు అచ్చువేసిన పాత పటాలలో ఈ ప్రాంతాన్ని వెతికితే ఏమి కనిపిస్తుంది?

1570లో ఆంట్‌వెర్ప్‌లో వెలువడిన ఓర్టీలియస్ అట్లాసు మొదలు 17వ శతాబ్దపు డచ్చి పటాల వరకు వివరమంతా తీరానిదే. మచిలీపట్నం వంటి రేవుల పేర్లు నావికుల ద్వారా అందేవి. లోపలి భాగంలో కొన్ని రాజ్యాల పేర్లు, ఊహించి గీసిన కొండలు ఉండేవి.

ఈ పటాలు ఎలా తయారయ్యేవో తెలిస్తేనే వాటిని ఆధారాలుగా వాడగలం. రాగిరేకు మీద గీతలను, అక్షరాలను తిరగేసి చెక్కేవారు. గీతలలో సిరా నింపి, పైభాగం తుడిచి, తడి కాగితం పరచి యంత్రంలో గట్టిగా నొక్కేవారు. అందువల్ల కాగితంపై రేకు అంచు పడిన గుర్తు ఉంటుంది. పటాలు సేకరించేవారు ముందుగా చూసేది దీనినే. రేకులు చేతులు మారేవి కూడా. మెర్కేటర్ రేకులను 1604లో హోండియస్ కొన్నాడు. కనుక పటం అచ్చయిన సంవత్సరాన్ని అందులోని సమాచారానికి కాలంగా తీసుకోరాదు.

ఫ్రెంచి భూగోళవేత్త దాన్విల్ 1752లో భారతదేశ పటం ప్రచురించాడు. మరుసటి ఏడాదే ఉత్తర సర్కారులు బుస్సీ చేతికి వచ్చాయి. తెలియని చోట బొమ్మలతో నింపక ఖాళీగా వదలడం దాన్విల్ పద్ధతి. ఆయన స్వయంగా పెద్ద సేకరణకర్త. ఆ పటాలను ఫ్రాన్సు రాజు కొన్నాడు. అవి ఇప్పుడు ఆ దేశ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి.

మనకు ముఖ్యమైనది జేమ్స్ రెన్నెల్ 1782 నాటి హిందూస్థాన్ పటం. బ్రాహ్మణులు బ్రిటానియాకు శాస్త్రగ్రంథాలు సమర్పిస్తున్న మూల బొమ్మ కోసమే దానిని కొనేవారు ఉన్నారు. అయితే చరిత్ర విద్యార్థి చూడవలసింది బొమ్మను కాదు, పటంలోని ఖాళీని. బేరారు, గోల్కొండ, ఒరిస్సా, సర్కారుల నడుమ సుమారు 300 మైళ్ల పొడవు, 250 మైళ్ల వెడల్పు గల ప్రాంతం తన పటంలో శూన్యంగా మిగిలిందని రెన్నెల్ తన వివరణ గ్రంథంలో ఒప్పుకున్నాడు. సర్కారుల వెనుక నిలిచిన తూర్పు కనుమలే ఆ శూన్యానికి అంచు. 1765లోనే మొగలు ఫర్మానాతో సర్కారులు కంపెనీ పరమయ్యాయి. అయినా కొండల వెనుక ఏముందో కంపెనీకి తెలియలేదు.

ఆ ఖాళీని నిర్జన ప్రదేశమని చదివితే పొరపాటు. ఐతరేయ బ్రాహ్మణం ఆంధ్రులతో పాటు శబరులను పేర్కొంది. టాలెమీ గ్రంథంలోని 'సబరై' వీరేనని పలువురు పండితుల అభిప్రాయం. ఆ గ్రంథం 1477లోనే బొలోన్యాలో చెక్కడపు పటాలతో అచ్చయింది. అంటే సర్వే జరగకముందే పేరు ఐరోపాకు చేరింది. సర్వే మొదలైన తరువాత స్థలం ఖాళీ అయింది!

రెన్నెల్ గ్రంథం లేకుండా పటం ఒక్కటే గోడకు తగిలించిన వారికి ఆ తెల్లని భాగం చెక్కేవాడు వదిలేసిన కాగితంలాగే కనిపిస్తుంది. అట్లాసుల నుంచి పటాలను చించి విడిగా అమ్మే వ్యాపారంలో పోయేది ఈ సంబంధమే. 1827 నుంచి లండన్‌లో అంగుళానికి నాలుగు మైళ్ల స్కేలుతో ఇండియన్ అట్లాసు షీట్లు వెలువడసాగాయి. ఈ కొండల షీటు మీకు దొరికితే రెన్నెల్ పటం పక్కన పెట్టి, ఏ గూడేల పేర్లు చేరాయో, ఏవి చేరలేదో మీ ఊరి పెద్దలను అడిగి రాసుకోండి.