పక్షి రెట్ట కోసం యుద్ధం జరిగిందా? పెరూ సముద్రం కథ

పక్షి రెట్ట కోసం రెండు దేశాలు కొట్టుకున్నాయంటే నమ్ముతారా? 1864లో స్పెయిన్ నౌకాదళం వచ్చి పెరూకి చెందిన చించా దీవుల్ని ఆక్రమించింది. ఆ దీవుల్లో బంగారం లేదు, వెండి లేదు. ఉన్నదల్లా గ్వానో, అంటే ఎండిపోయిన పక్షి రెట్ట. యూరప్ పొలాలకి అదే ఎరువు. పెరూ ఖజానాకి అదే పెద్ద దిక్కు.

మరి అంత రెట్ట అక్కడే ఎందుకుంది? పెరూ తీరం వెంబడి గాలి దక్షిణం నుంచి ఉత్తరానికి వీస్తుంది. భూమి తిరుగుతుంది కదా, అందుకని దక్షిణార్ధగోళంలో పైనున్న నీళ్లు గాలికి ఎడమవైపుకి, అంటే ఒడ్డుకి దూరంగా జరుగుతాయి. ఆ ఖాళీలోకి కింద నుంచి చల్లటి నీళ్లు పైకొస్తాయి. దీన్నే అప్‌వెల్లింగ్ అంటారు. అక్కడ ఏడాదంతా ఉంటుంది గానీ వాళ్ల చలికాలంలో, అంటే మనకి వానాకాలంలో, జోరెక్కువ.

ఆ నీళ్లతో పాటు లోతుల్లో పేరుకున్న నైట్రేట్లు, ఫాస్ఫేట్లు ఎండ తగిలే చోటికి వస్తాయి. దాంతో కంటికి కనపడనంత చిన్న నాచు మొక్కలు పెరుగుతాయి. వాటి మీద ఆంచోవేటా చేప బతుకుతుంది. మన నెత్తళ్లకి చుట్టం అనుకోండి. ఆ చేపల్ని పక్షులు తింటాయి. వాన పడని ఎడారి తీరం కాబట్టి రెట్ట కొట్టుకుపోదు, గుట్టలుగా పేరుకుంటుంది.

ఇంకా రాజులకి దీని విలువ తెలుసు. పక్షులు గుడ్లు పెట్టే కాలంలో దీవుల మీద కాలు పెడితే మరణశిక్ష అని గార్సిలాసో దె ల వేగా రాశాడు. 1840ల నుంచి మాత్రం తవ్వడమే తవ్వడం. చైనా నుంచి తెచ్చిన కూలీలు ఆ దుమ్ములో నరకం చూశారు. కొన్ని దశాబ్దాల్లోనే గుట్టలు కరిగిపోయాయి.

1950ల తర్వాత పెరూ పక్షిని వదిలేసి నేరుగా చేప మీద పడింది. ఆంచోవేటాని ఎండబెట్టి పొడి కొట్టి, కోళ్లకీ పందులకీ మేతగా ప్రపంచానికి అమ్మింది. ఏటా 95 లక్షల టన్నులు దాటొద్దని శాస్త్రవేత్తలు చెప్పారు. 1970లో పట్టింది 1.2 కోట్ల టన్నుల పైనే! బరువు లెక్కన ప్రపంచంలో నంబర్ వన్.

1972లో ఎల్ నినో వచ్చింది. వేడినీళ్లు తీరాన్ని కప్పేశాయి. అప్‌వెల్లింగ్ ఆగలేదు గానీ, కింద నుంచి వచ్చేవి కూడా సత్తువ లేని వేడినీళ్లే. 1973కల్లా దిగుబడి 20 లక్షల టన్నుల లోపుకి పడిపోయింది. చేప పొడి దొరక్క మేత కంపెనీలు సోయా మీద పడ్డాయి. ఇలాంటి కారణాలు కొన్ని కలిసి, 1973 జూన్‌లో అమెరికా సోయా ఎగుమతులు ఆపేసింది. సోయా తిని బతికే జపాన్ వణికిపోయింది. అదే 1972లో మన రుతుపవనాలూ దెబ్బతిన్నాయి, మహారాష్ట్ర కరువుతో అల్లాడింది.

చాలామంది తప్పంతా ఎల్ నినోదే అంటారు. నేను ఒప్పుకోను. ఎల్ నినో అంతకుముందు కూడా చాలాసార్లు వచ్చింది, చేపలు మళ్లీ కోలుకున్నాయి. ఈసారి అది వచ్చేసరికి సముద్రంలో మిగిలిన చేపలే తక్కువ. సర్వర్ డౌన్ అవడం మన చేతిలో లేదు, బ్యాకప్ డిలీట్ చేయకుండా ఉండటం మాత్రం మన చేతిలోనే ఉంటుంది. పెరూ బ్యాకప్‌ని కూడా వలేసి పట్టేసింది.

మీ ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో 1972 గురించి ఒకసారి అడగండి. వాళ్లు ఏం చెప్పారో కామెంట్‌లో రాయండి, నేను చదువుతాను.