బరంపురం గిరి గారి పద్ధతి, మన పిలకాయల పని



మాలో చాలామందిమి అరవ బడుల్లో చదివి, రైల్వేలో పనిచేసి రిటైరైనవాళ్ళం. వి.వి.గిరి గారంటే లోకానికి రాష్ట్రపతి. రైల్వే వాళ్ళకు మాత్రం ఆయన అంతకు ఎంతో ముందే మనవాడు. పైగా మనలాగే ఈనాటి ఆంధ్ర హద్దులకు బయట పుట్టిన తెలుగువారు. 1894లో బరంపురంలో పుట్టారు. ఆ ఊరు అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేది, ఇప్పుడు ఒడిశాలో ఉంది.

ఆయన ఐర్లండులో లా చదివి వచ్చి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు సంఘం కట్టారు. 1928లో ఆ రైల్వే పనివాళ్ళను తీసేస్తే ఆయన సమ్మె నడిపారు. కొట్లాట లేకుండా సాగిన ఆ సమ్మెకు కంపెనీ, తెల్లదొరల ప్రభుత్వం రెండూ దిగిరావలసి వచ్చింది.

గిరి గారు జీవితమంతా పట్టుకున్న మాట ఒక్కటే. యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడి తేల్చుకోవాలి, పైవాడి తీర్పు కోసం పరుగెత్తకూడదు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక కూడా అదే వాదించారు. దానికి ‘గిరి పద్ధతి’ అని పేరే వచ్చింది. 1954లో బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మారిస్తే, మంత్రి పదవి వదిలేసి బయటికొచ్చారు.

ఈ పద్ధతి నడవాలంటే ఎదుట ఒక యజమాని ఉండాలి. మాకు ఉండేవాడు. సర్వీసు రిజిస్టరులో మా పేరు, జీతం, సెలవు అన్నీ ఉండేవి. మెమో ఇచ్చే అధికారి ఎవరో, ఏ గదిలో కూర్చుంటాడో తెలుసు. మా అర్జీ తీసుకునేదీ ఆయనే.

ఇప్పుడు మన ఇళ్ళ పిలకాయలు బండి మీద భోజనం పొట్లాలు అందిస్తున్నారు, కార్లు నడుపుతున్నారు. కంపెనీ వాళ్ళను ‘పార్ట్‌నర్’ అంటుంది. పెట్రోలు ఖర్చు వాళ్ళదే, బండి రిపేరు వాళ్ళదే. ఫోనులో రేటు మారుతుంది, ఎవరు మార్చారో తెలియదు. దారిలో పడి కాలు విరిగితే ఎవరి తలుపు తట్టాలి? గిరి గారు చెప్పిన బల్లకు అవతలి కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ కుర్చీలో ఎవరినైనా కూర్చోబెట్టే ప్రయత్నం ఇప్పుడే మొదలైంది. 2023లో రాజస్థాన్ వీళ్ళకోసం చట్టం చేసింది. దాని ప్రకారం సంక్షేమ నిధికి కంపెనీలు డబ్బు కట్టాలి. 2025లో కర్ణాటకా చట్టం చేసింది. మన తమిళనాడు 2023లో సంక్షేమ బోర్డు ప్రకటించింది. కానీ పేరు నమోదు కానివాడికి బోర్డు ఉన్నా లేనట్టే.

కాబట్టి పెద్దవాళ్ళం మనం చేయగలిగింది చేద్దాం. ఏ ఇంట్లో ఎవరు ఈ పని చేస్తున్నారో పేర్లు రాసుకుందాం. ఈ-శ్రమ్‌లో, బోర్డులో నమోదు చేయిద్దాం. ఫారాలు నింపడం, జతపరచిన కాగితాలు సరిచూడడం, జవాబు రాకపోతే మళ్ళీ రాయడం మాకు బతుకుతెరువు నేర్పిన విద్యే. పెన్షన్ తీసుకుంటున్న మనం, పెన్షన్ లేని పిలకాయలకు ఆ మాత్రం బాకీ ఉన్నాం.