యాహూ గ్రూప్స్ మూసివేత: తెలుగు చర్చా సాహిత్యపు ఆధారాల సమస్య

2019 అక్టోబరు 16న యాహూ సంస్థ తన చర్చాబృందాల సభ్యులకు ఒక ప్రకటన వెలువరించింది. అక్టోబరు 28 తరువాత బృందాల పుటల్లో కొత్తగా ఏదీ చేర్చడానికి వీలుండదని, డిసెంబరు 14న అక్కడి పాత జాబులు, దస్త్రాలు, ఛాయాచిత్రాలు సమస్తమూ శాశ్వతంగా తొలగిపోతాయని దాని సారాంశం. సుమారు రెండు దశాబ్దాల రాతకు లభించిన గడువు రెండు నెలలకు రెండు రోజులు తక్కువ. ఇది ఒక వ్యాపార సంస్థ తన లెక్కల ప్రకారం తీసుకున్న నిర్ణయం. అయితే ఆ బృందాల్లో ‘రచ్చబండ’, ‘ఛందస్సు’ వంటి తెలుగు బృందాలు కూడా ఉన్నందువల్ల, ఇరవయ్యో శతాబ్ది చివరి నుంచి తెలుగు సాహిత్య చర్చ నడిచిన తీరును అధ్యయనం చేసేవారికి ఇది ఆధార సామగ్రికి సంబంధించిన ప్రశ్న అయింది.

ఈ చర్చలకు పూర్వరంగం యూజ్‌నెట్. 1979–80 ప్రాంతంలో అమెరికాలోని డ్యూక్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల విద్యార్థులు రూపొందించిన ఈ వ్యవస్థకు యజమాని అంటూ ఎవరూ లేరు. ఒకచోట రాసిన జాబు ఒక సర్వర్ నుంచి మరొకదానికి నకలవుతూ ప్రపంచమంతా తిరిగేది. 1990లలో ‘సాక్ కల్చర్ ఇండియన్ తెలుగు’ అనే వార్తాబృందం ప్రవాసాంధ్రులకు ఈ వ్యవస్థలోనే కూడలిగా ఏర్పడింది. కంప్యూటర్ తెరపై తెలుగు లిపి కనిపించడమే కష్టమైన ఆ రోజుల్లో, హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో వ్యాప్తిలోకి వచ్చిన ఆర్.టి.ఎస్. అనే లిప్యంతరీకరణ పద్ధతి తెలుగు రాతకు ఆసరా ఇచ్చింది. దీర్ఘానికి అచ్చును రెట్టించడం, ట-డ-ణ-ళలకు రోమన్ పెద్ద అక్షరాలు వాడడం వంటి కొద్దిపాటి నియమాలతో పద్యాన్ని సైతం యతిప్రాసలు చెడకుండా రాయగలిగారు.

యూజ్‌నెట్ జాబులు ఇప్పటికీ కొంతైనా మిగలడానికి కారణం ఆ నకళ్లే. టొరంటో విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగంలో పనిచేసిన హెన్రీ స్పెన్సర్ 1981 నుంచి దాదాపు పదేళ్ల జాబులను 141 అయస్కాంత టేపుల మీద భద్రపరిచాడు. 1995లో మొదలైన డేజా న్యూస్ తన సంగ్రహాన్ని తాను పెంచుకుంది. గూగుల్ 2001లో డేజా సంగ్రహాన్ని కొని, ఆ టేపులలోని సామగ్రిని కూడా దానికి జోడించింది. భాషాసాహిత్యాల చరిత్రకు ఉపకరించే సామగ్రి ఒక జంతుశాస్త్ర విభాగపు అలమారలో నిలిచి ఉండడం విచిత్రమే గాని, గ్రంథాల మనుగడ చరిత్రలో ఇటువంటివి కొత్త కావు.

యాహూ వ్యవస్థ నిర్మాణం ఇందుకు భిన్నం. ఈగ్రూప్స్ అనే సంస్థను యాహూ 2000లో దాదాపు 43 కోట్ల డాలర్ల విలువకు కొనుగోలు చేసి, 2001 తొలినాళ్లలో తన ‘క్లబ్బుల’తో కలిపి యాహూ గ్రూప్స్‌గా మార్చింది. సాంకేతిక పరిజ్ఞానం లేనివారు కూడా క్షణాల్లో ఒక బృందాన్ని నెలకొల్పవచ్చు, జాబులు ఈమెయిలుగా ఇంటికి వస్తాయి, పాతవన్నీ వరుస సంఖ్యలతో ఒకే పుటలో దొరుకుతాయి, పైకం చెల్లించనక్కరలేదు. ఈ సౌకర్యం వల్లనే తెలుగువారి చర్చలు అక్కడికి చేరాయి. కాని భాండాగారం ఒక్కటే, దాని తాళంచెవి ఒక్కరి చేతిలోనే ఉన్నది.

ఈ జాబుల సాహిత్య ప్రతిపత్తి ఏమిటన్నది విచార్యం. అవి వ్యక్తిగత లేఖలు కావు, వ్యాసాలూ కావు. పత్రికలో అచ్చయిన వ్యాసం పండితుని తుది నిర్ణయాన్ని మాత్రమే చూపుతుంది; దానిపై ఖండన రావడానికి నెలలు పడుతుంది. చర్చాబృందంలో ఉదయం ప్రతిపాదించిన వ్యుత్పత్తికి సాయంత్రానికి ఆక్షేపణ వస్తుంది. ప్రతిపాదించినవారు మరునాడు నిఘంటువు తిరగేసి తమ అభిప్రాయాన్ని సవరించుకోవచ్చు, లేదా పట్టుదలగా సమర్థించుకోవచ్చు. అనగా ఆలోచన మారిన ఘట్టం తేదీతో, గంటతో సహా నమోదవుతుంది. తెలుగు విమర్శ చరిత్రలో ఈ నడిమి దశకు ఆధారాలు బహు స్వల్పం. వాడుక భాషోద్యమ కాలపు వాదోపవాదాలలో అచ్చుకెక్కినవి తెలుస్తాయి. సభల వెలుపల, అరుగుల మీద జరిగిన మాట తెలియదు. ఆ అరుగు మీది మాట లిఖితరూపం దాల్చిన అరుదైన సందర్భం ఈ చర్చాబృందాలది. వాటిలో వృథా కలహాలు, పునరుక్తులు, అప్రస్తుతాలు లేవని కాదు. ఆ మాటకొస్తే వాదోపవాదాలు నడిపిన పాత పత్రికలలోనూ అవి లేకపోలేదు.

2017లో యాహూ వెరైజన్ సంస్థ అధీనంలోకి వెళ్లింది. గ్రూప్స్ వాడకం కొన్నేళ్లుగా తగ్గుతూ వచ్చిందని, తమ దృష్టి ఇతర వ్యాపారాలకు మళ్లిందని సంస్థ ఇచ్చిన వివరణ. సభ్యులు తమ దత్తాంశాన్ని కోరి తెచ్చుకునే గడువును 2020 జనవరి 31 వరకు పొడిగించారు. ఈలోగా ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం వేలాది సముదాయాల జాబులను నకలు చేసే పనికి పూనుకోగా, అందుకోసం వారు వాడిన ఖాతాలను నియమోల్లంఘన పేరిట సంస్థ నిలిపివేసింది. నకలైనంతలో కొంత భాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరింది. చివరకు 2020 డిసెంబరు 15న ఈమెయిలు బట్వాడా కూడా ఆగి, యాహూ గ్రూప్స్ పూర్తిగా మూతపడింది. 2009లో జియోసిటీస్ వెబ్‌పుటలను తొలగించినదీ ఈ సంస్థే. కనుక దీన్ని అనూహ్యమైన ఘటన అనడానికి లేదు.

తాళపత్రాలు చెదల వల్ల, అశ్రద్ధ వల్ల నశించాయి. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను, లేఖకులను జీతాలపై నియమించి ప్రతులు రాయించే నాటికి ఎన్నో గ్రంథాలు శిథిలావస్థలో ఉన్నాయి. అయినా ఒక ఊరి ప్రతి పోతే మరొక ఊరి ప్రతి దొరికేది. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు స్థాపించిన ‘భారతి’ 1991లో ఆగిపోయింది; కాని దాని సంచికలు గ్రంథాలయాలలో, ఇళ్లలో మిగిలినందువల్ల పరిశోధకులకు నేటికీ అందుతున్నాయి. పత్రిక ఆగడం వేరు, పాత సంచికలు మాయమవడం వేరు. యాహూ విషయంలో ఈ రెండూ ఒకే నిర్ణయంతో జరిగాయి.

అయితే బ్రౌన్ ఎదుర్కొన్న పరిస్థితికీ దీనికీ ఒక పోలిక ఉన్నది. బృందానికి చేరిన ప్రతి జాబూ సభ్యుల మెయిలుపెట్టెలకు కూడా వెళ్లింది. అవి చెరిపివేయనివారి వద్ద ప్రత్యంతరాలు ఉన్నట్లే. ప్రతి ఈమెయిలు శీర్షభాగంలో దానికొక గుర్తింపు సంఖ్య, అది ఏ జాబుకు సమాధానమో తెలిపే సూచన సాధారణంగా ఉంటాయి. కనుక పలువురి పెట్టెలనుంచి సేకరించిన జాబులను పోల్చి చర్చాక్రమాన్ని పునర్నిర్మించడం సాధ్యమే. ఇది పాఠపరిష్కర్తలకు పరిచితమైన పని. చిక్కులూ పరిచితమైనవే. కొందరు సభ్యులు రోజువారీ జాబులన్నీ ఒకే ఉత్తరంగా వచ్చే డైజెస్ట్ పద్ధతిని ఎంచుకున్నారు. అటువంటి ప్రతుల్లో విడిజాబుల శీర్షభాగం యథాతథంగా లభించదు. పుటల్లో మాత్రమే చేర్చిన దస్త్రాలు ఎవరి పెట్టెకూ చేరలేదు. పైగా జాబుపై హక్కు దాన్ని రాసిన వ్యక్తిదే. పరిమిత సభ్యుల ముందు చనువుగా అన్న మాటను వారి అనుమతి లేకుండా ప్రచురించడం చట్టరీత్యానే కాక మర్యాదరీత్యా కూడా ఆలోచించవలసిన విషయం.

దొరికిన జాబులను తెలుగు లిపిలోకి మార్చి భద్రపరచాలనే ఉత్సాహం కలగడం సహజం. సాఫ్ట్‌వేర్ ద్వారా ఆ మార్పిడి సులభమే గాని, ఒకే పదాన్ని ఒకరు నియమబద్ధంగా, మరొకరు ఉచ్చారణకు దగ్గరగా రోమన్ అక్షరాల్లో రాసిన తేడాలు అందులో చెరిగిపోతాయి. శకటరేఫను, అరసున్నను ఎవరు పాటించారు, ఎవరు వదిలారు, పెద్ద అక్షరం పడవలసిన చోట చిన్న అక్షరం పడింది పొరపాటువల్లనా పలుకుబడివల్లనా అన్నవి మూలరూపంలోనే తెలుస్తాయి. అందుచేత లిపి మార్చిన ప్రతి పక్కన రోమన్ మూలాన్ని యథాతథంగా ఉంచడం అవసరం.