తలెత్తితే ఆకాశం

1946 తొలి నెలలు. హాంకాంగ్ దీవిలో బోన్‌హామ్ రోడ్డు వెంట నడిచొచ్చి గుట్ట మెట్లెక్కుతున్నారు మీరు. ఎర్రిటుకల గోడలు, రాతి స్తంభాలు. దూరం నుంచి చూస్తే ఏమీ కానట్టే ఉంది. బొంబాయి నుంచి వచ్చి ఇక్కడ గడించిన పార్సీ వర్తకుడు హోర్ముస్‌జీ మోదీ ఇచ్చిన డబ్బుతో లేచిన హాంకాంగ్ విశ్వవిద్యాలయ భవనమిది. 1912లో పాఠాలు మొదలయ్యాయి. 1941 డిసెంబరులో ఆగిపోయాయి.

లోపలికి రండి. తలుపుల్లేవు, తట్టే పని లేదు. పెద్ద హాల్లో నిలబడి తలెత్తితే ఆకాశం. దూలాలు, కిటికీ చట్రాలు, నేలచెక్కలు, ఏదీ మిగల్చకుండా ఊడబెరుక్కుపోయారు. మూడేళ్ళ ఎనిమిది నెలల జపాను ఏలుబడిలో వంటచెరుకు కరువైన ఊరిది. దొంగలని తిట్టడానికి నాకు నోరు రాదు. పొయ్యి వెలగాలి కదా. విడ్డూరమేమిటంటే, విశ్వవిద్యాలయానికే చెందిన ఫంగ్ పింగ్ షాన్ గ్రంథాలయంలో చైనా పుస్తకాలు చాలావరకు దక్కాయి.

విశ్వవిద్యాలయాన్ని మళ్ళీ తెరవాలా వద్దా అన్నది మాత్రం ఇక్కడ తేలదు. స్టాన్లీ నిర్బంధ శిబిరంలో మగ్గి బయటపడ్డ వైస్ ఛాన్సలర్ డంకన్ స్లాస్ ఎంత తపించినా, లండన్‌లో క్రిస్టఫర్ కాక్స్ అధ్యక్షతన కూర్చున్న సంఘం సరేననాలి. మీరూ ఓ కుర్చీ లాక్కుని వినండి. హాంకాంగ్ మాదేనని చైనా అధినేత చియాంగ్ కై షేక్ పట్టుబడితే? చేజారిపోయే ఊళ్ళో గోడలు కట్టడమెందుకు? యుద్ధానికి ముందే డబ్బుకు కటకటలాడిన సంస్థ కదా? తెరవకపోతే చైనాలో బ్రిటన్ పరువేం కాను? పరువు మాట వినిపించినంత గట్టిగా, ఇక్కడి పిల్లల చదువు మాట నా చెవికి వినిపించదు.

ఆ పిల్లలేమో ఎవరి తీర్మానం కోసమూ ఆగలేదు. 1942 ఫిబ్రవరిలో ప్రసూతి వైద్యాచార్యుడు గోర్డన్ కింగ్ జపాను కళ్ళుగప్పి చైనా లోపలికి చేరాడు. తనలాగే సరిహద్దు దాటొచ్చిన విద్యార్థులకు అక్కడి విశ్వవిద్యాలయాల్లో చోటు చూపించాడు. సగంలో ఆగిన వైద్యవిద్యను ఎందరో అక్కడే పూర్తిచేశారు. మూతపడ్డది భవనమేగానీ విశ్వవిద్యాలయం కాదని, లండన్ బల్ల మీద పెట్టదగ్గ సాక్ష్యం ఇంతకంటే ఏముంటుంది?

సంఘం తెరవమనే చెప్పింది. డబ్బు దగ్గరే లండన్ నాన్చుతూ కూర్చుంది. హాంకాంగ్‌లో ఆ డబ్బు కోసం ఆగలేదు. 1946 అక్టోబరులో, దక్కిన గదుల్లోనే పాఠాలు మొదలుపెట్టేశారు. లండన్ గ్రాంటు ఖాయమయ్యేసరికి 1948 వచ్చింది.