ఎడారి పటములో నిలిచిన పేర్లు

భూపటమును దారి చూపు కాగితముగా మాత్రమే ఎంచుట పరిపాటి. సర్వే నంబర్లతో ఉద్యోగకాలము గడపిన మాకు పాత టోపోషీటు చరిత్రగ్రంథమువలె తోచును. అమెరికాలో ఆరిగన్ రాష్ట్రపు ఆగ్నేయభాగమును చూపు ‘అడెల్’ షీటు అట్టిది. గత శతాబ్ది మధ్యకాలపు ఆ పటములో అంగుళమునకు సుమారు 4 మైళ్లు.

అందు ఊళ్లు బహుస్వల్పము. గోధుమవన్నె కాంటూరు రేఖలు మాత్రము స్టీన్స్ పర్వతపు తూర్పువైపున క్రిక్కిరిసియుండును. 9,700 అడుగులు మించిన ఆ శిఖరమునుండి నేల 5,000 అడుగులకు పైగా దిగి ఆల్వర్డ్ ఎడారిని చేరును. పడమటి మేఘములను పర్వతమే అడ్డగించుటచే అచ్చట ఏటికి సుమారు 7 అంగుళముల వానయే కురియును. నీలిగీతలలో పెక్కులు తెగితెగి కనిపించును. అనగా ఏడాది పొడుగున పారని వాగులు. 1862 నాటి చట్టము అట్టి నేలలోను కుటుంబమునకు 160 ఎకరములే ఇచ్చెను. పశుపోషణకు 2,560 ఎకరములు కావలయునని జాన్ వెస్లీ పావెల్ 1878లోనే నివేదించినను ప్రభుత్వము చెవినిడలేదు. 1881లో భూగర్భ సర్వేకు అధిపతియై, దేశమంతటికిని ఇట్టి పటములు గీయించుటకు పూనుకొన్నవాడు ఆయనయే.

నీరు పట్టినవాడే అచ్చట ప్రభువు. 1872లో పీటర్ ఫ్రెంచ్ కాలిఫోర్నియానుండి 1,200 పశువులను తోలుకొనివచ్చి బ్లిట్జెన్ నదీలోయలో పాతుకొనెను. 1897లో భూమి తగవున ఒక సేద్యగాడు అతనిని కాల్చిచంపగా, జ్యూరీ ఆ సేద్యగానిని నిర్దోషియని విడిచెను. ఫ్రెంచ్ పేరును, అతని మామ గ్లెన్ పేరును కలిసి ఫ్రెంచ్‌గ్లెన్ గ్రామమై పటమునకెక్కినవి.

మరి పూర్వమునుండి అచ్చట నివసించిన పైయూట్ జనుల మాట యేమి? 1860లో వారిని తరిమిన మేజర్ స్టీన్ పేరు పర్వతమునకు దక్కెను. ఆల్వర్డ్ కూడ ఒక సేనానియే! వారికై 1872లో ఏర్పరచిన మాల్హ్యూర్ రిజర్వేషను 1878 నాటి బానక్ యుద్ధముతో అంతరించెను. 1879 జనవరిలో వారిని మంచులో నడిపించి కొలంబియా నదికావల యాకిమాకు తరలించిరి. పిమ్మట కొందరు తిరిగివచ్చిరి. షీటు వెలువడునాటికి వారాప్రాంతముననే యుండిరి; బర్న్స్ పట్టణము చెంత వారి నేలకు రిజర్వేషను హోదా 1972లో గాని రాలేదు. రాష్ట్రము మారి, ఊరిపేరు వేరు లిపిలో వేరు ఉచ్చారణతో బోర్డుకెక్కుట చూచిన మనవారికి ఇది బోధపడకపోదు.

మైసూరు సర్వే తీరు వేరు. 1800లో కాలిన్ మెకంజీ దానిని ఆరంభించినపుడు ఏలూరివాడైన కావలి వెంకట బొర్రయ్య వెంటనుండి శాసనములను, స్థానికుల వృత్తాంతములను సేకరించెను. 1803లో ఆయన గతించిన పిమ్మట తమ్ముడు లక్ష్మయ్య ఆ పని సాగించెను. గీసినవారి పటముతోపాటు నేలమీదివారి మాటయు అట్లు దక్కినది.