మనుషులకు బదులు రాళ్లు

మధ్యయుగపు ఐరోపా కోటల చరిత్రను గోడల ఎత్తు, మందం పెరుగుతూ వచ్చిన కథగా చెప్పడం మామూలు. ఇంగ్లండ్, వేల్స్ కోటలను వరసగా పరిశీలిస్తే అంతకన్నా బలమైన కారణం ఒకటి కనిపిస్తుంది. లోపల కాపలాకు కావలసిన మనుషులను తగ్గించుకోవాలన్న ఆరాటమే ఆ నిర్మాణాన్ని నడిపించింది. 1066లో ఇంగ్లండును గెలిచిన నార్మన్లు కొద్దిమంది, వాళ్లు ఏలవలసిన జనం లక్షల్లో ఉన్నారు. అందుకే స్థానికుల చేత వెట్టికి మట్టిదిబ్బలు పోయించి, వాటిమీద కొయ్యబురుజులు నిలిపి, కింద కంచె కట్టి, చుట్టూ కందకం తవ్వించారు. గుప్పెడు మందితో ఒక ప్రాంతాన్ని అదుపులో పెట్టడానికి అది చాలింది. కానీ కొయ్య కాలిపోతుంది, పుచ్చిపోతుంది. క్రమంగా రాయి వచ్చింది.

రాయికీ బలహీనత ఉందని ఇంగ్లండ్‌లోని రోచెస్టర్ కోట తేల్చింది. అక్కడ 1127లో మొదలైన చదరపు బురుజు ఎత్తు వంద అడుగులకు పైమాటే. 1215లో తిరుగుబాటుదార్లు అందులో చేరితే, జాన్ రాజు ఒక మూల పునాది కింద సొరంగం తవ్వించి, అందులో ఊతంగా పెట్టిన దూలాలకు 40 పందుల కొవ్వుతో నిప్పు పెట్టించాడు. మూల కూలింది. లోపలివాళ్లు అడ్డుగోడ వెనక నుంచి పోరాడి చివరికి ఆకలికి లొంగారు. ఆ మూలను తిరిగి కట్టినప్పుడు గుండ్రంగా కట్టారు. ఇవాళ్టికీ ఆ బురుజుకు మూడు మూలలు పలకగా, ఒకటి గుండ్రంగా ఉంటాయి. పలక మూలలో రాళ్లను పెకలించడం తేలిక, పైగా దాని మరుగున చేరిన శత్రువు పైవాళ్లకు కనబడడు. ప్రాకారం నుంచి ముందుకు పొడుచుకొచ్చిన గుండ్రటి బురుజుకు ఆ లోపం తక్కువ. అందులో బాణపుకంత దగ్గర కూర్చున్న ఒక్క విలుకాడు పక్క బురుజు దాకా గోడ మొదలంతా కాయగలడు.

కొద్దిమందితో గోడను కాయాలన్న ఈ ఆలోచనను ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 1283 నుంచి వేల్స్‌లో పతాక స్థాయికి తీసుకెళ్లాడు. అతని ప్రధాన స్థపతి జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్. హార్లెక్ కోటలో ఒకదాని లోపల ఒకటిగా రెండు ప్రాకారాలు ఉన్నాయి. లోపలిది ఎత్తుగా ఉండటంతో రెండింటి మీంచీ ఒకేసారి బాణాలు వేయవచ్చు. అన్నిటికన్నా బలహీనమైన చోటు ద్వారం కదా, దాన్నే అన్నిటికన్నా దృఢంగా కట్టారు. జంట బురుజుల మధ్య ఇరుకు దారి, అందులో పైనుంచి జారే ఇనుపమొనల అడ్డుతలుపులు ఒకదాని వెనక ఒకటి. కొండ కింద అప్పట్లో సముద్రం ఉండేది, అక్కడి నుంచి మెట్లదారిన తిండిగింజలు పైకి చేరేవి. 1294లో వేల్స్ నాయకుడు మాడోగ్ తిరుగుబాటు చేసినప్పుడు 40 మందికి లోపే ఉన్న దళం ఆ కోటను నిలబెట్టుకుంది.

కోటలు ముఖ్యంగా ఆడంబరానికి, నివాసానికి కట్టినవని కొందరు పరిశోధకులు వాదిస్తారు. అందులో నిజం ఉంది. ఎడ్వర్డ్ కట్టించిన కెర్నార్వన్ కోట గోడల్లోని రంగురాళ్ల చారలను కాన్‌స్టాంటినోపుల్ ప్రాకారాలతో పోల్చడం ఊరకే కాదు. అయితే చూడగానే లొంగదీసే గోడ కూడా సైనికుల పనే చేస్తుంది. ఆడంబరం నా వాదానికి ఎదురు రాదు, తోడే వస్తుంది. అంతకన్నా గట్టి ఆక్షేపణ ఎడ్వర్డ్‌దే మరో కోట కాన్వీ నుంచి వస్తుంది. 1401 గుడ్ ఫ్రైడే నాడు కాపలాదళంలో ఎక్కువమంది చర్చికి వెళ్లిన వేళ, వేల్స్ తిరుగుబాటు నాయకుడు ఓవైన్ గ్లిన్‌డూర్ పక్షాన నిలిచిన ట్యూడర్ సోదరులు ఉపాయంతో ఆ కోటలో జొరబడ్డారు. మనుషులు తగ్గిన కొద్దీ ఒక్క ఏమరుపాటు ఖరీదు పెరుగుతుంది. ఈ పద్ధతిలోని అసలు లోపం అదేనని ఒప్పుకోవాలి.

ఖర్చు సంగతీ అంతే. కాపలాలో ఆదా అయిన మనుషులు కట్టడంలో కావలసి వచ్చారు. 1295లో మొదలైన బ్యూమారిస్ కోట గురించి జేమ్స్ మరుసటి ఏడు రాసిన లేఖలో 400 మంది తాపీవాళ్లు, 2,000 మంది కూలీలు కావాలని లెక్క చెప్పి, జీతాలకు డబ్బు పంపమని వేడుకున్నాడు. రాజు డబ్బు స్కాట్లండ్ యుద్ధానికి మళ్లింది. కోటల యుగాన్ని ఫిరంగి ముగించిందనేది వాడుక మాట. కానీ ఆ గోడలను కూల్చగల ఫిరంగులు రావడానికి ఎంతో ముందే బ్యూమారిస్ బురుజులు అనుకున్న ఎత్తుకు చేరకుండా ఆగిపోయాయి.