సస్కచ్వాన్ పప్పు, తాండూరు కంది

సైట్‌లో లంచ్ టైమ్‌కి మన తెలుగోళ్ల డబ్బాలు తెరిస్తే సగం వాటిల్లో ఎర్రపప్పే, అదే మైసూరు పప్పు. తొందరగా ఉడుకుతది, చవక. ఇంతకీ అది మన దగ్గర పండింది కాదు, ఇక్కడి సస్కచ్వాన్‌లో పండింది. ఎపిసోడ్‌లో నేను చెప్పిన ఆ కథ ఇక్కడ వరుసగా రాస్తున్నా.

1970 దాకా కెనడాలో ఈ పంట దాదాపు లేదు. సస్కచ్వాన్ యూనివర్సిటీలో ఆల్ స్లింకార్డ్ అనే శాస్త్రవేత్త ఇక్కడి చలికి, నేలకు తగిన విత్తనం తయారుచేసిండు. 1978లో 'లెయిర్డ్' రకం వచ్చింది. గోధుమ రైతులు పప్పు రైతులు కూడా అయిండ్రు. ఎర్రపప్పు, పసుపు బఠానీలు ఓడలకెక్కి ఇండియాకు పోయేవి. బఠానీలు అక్కడ శనగపప్పు, శనగపిండి బదులు వాడతరు.

2015లో ఇండియాలో కందిపప్పు కిలో రెండొందలకు చేరింది. కంది వేయమని సర్కారు చెప్పింది. తాండూరు దగ్గర మా తమ్ముడు కూడా పత్తి తగ్గించి కంది వేసిండు. పెట్టుబడి నేనే పంపిన. 2016-17లో దేశమంతా పంట విరగకాసింది. మద్దతు ధర బోనస్‌తో కలిపి క్వింటాలుకు 5,050. మార్కెట్‌లో తమ్ముడికి నాలుగు వేలు కూడా రాలేదు. కోత కూలి, బస్తాలు, ఆటో కిరాయి పోను అప్పే మిగిలింది.

అప్పుడు ఢిల్లీ తలుపులు మూసింది. 2017 ఆగస్టులో కంది దిగుమతికి ఏడాదికి 2 లక్షల టన్నుల కోటా పెట్టింది. నవంబర్‌లో బఠానీ మీద సున్నా ఉన్న సుంకం ఒక్కసారిగా 50 శాతం అయింది. డిసెంబర్‌లో ఎర్రపప్పు, శనగల మీద 30 శాతం. ముందుగా చెప్పింది లేదు. దెబ్బ సస్కచ్వాన్ రైతు మీద పడింది. 2018 ఫిబ్రవరిలో ట్రూడో ఇండియా పోయినప్పుడు కూడా ఈ పప్పు మాట వచ్చింది.

ఇక్కడోళ్లు అన్యాయం అన్నరు. కానీ కెనడా తన పాల రైతును ఎట్ల కాపాడుతదో చూడండి. 1966లో కెనడియన్ డెయిరీ కమిషన్ పెట్టి, తర్వాత ఏ రైతు ఎన్ని పాలు తీయాలో కోటా పెట్టిండ్రు. 1995లో డబ్ల్యూటీఓ వచ్చినంక దిగుమతికీ లెక్క పెట్టిండ్రు: కోటా లోపల వచ్చే సరుకుకు తక్కువ సుంకం, దాటితే వెన్న మీద 298.5 శాతం. అంటే వంద డాలర్ల వెన్నకు మూడొందల దాకా పన్ను. 2025 జూన్‌లో అయితే, వ్యాపార ఒప్పందాల్లో ఈ రక్షణ వదులుకోకూడదని చట్టమే చేసిండ్రు.

తేడా ఒకటే. ఇక్కడి పాల రైతుకు నియమం ముందే తెలుసు, యాభై ఏండ్లుగా అదే. మన కంది రైతుకు విత్తనం వేసినప్పుడు ఒక నియమం, కోత నాటికి ఇంకోటి. 2023 డిసెంబర్‌లో ధరలు పెరిగినయని బఠానీ సుంకం మళ్లీ తీసేసిండ్రు. 2025 నవంబర్ నుంచి మళ్లీ 30 శాతం పెట్టిండ్రు. పట్నంలో కొనేటోళ్లకు ధర పెరిగితే తలుపు తెరుస్తరు, ఊళ్ల పండించేటోళ్లు గొడవ చేస్తే మూస్తరు.

బఠానీ సుంకం తీసేసిండ్రని ఫోన్‌ల చెప్తే మా తమ్ముడు ఒక్కటే అడిగిండు: "అన్నా, మరి నువ్వు అక్కడ ఎవరి పప్పు తింటున్నవ్?" నా దగ్గర జవాబు లేదు. చవక పప్పు తిని మిగిలిన డాలర్లే ఇంటికి పంపుతున్న, ఆ డాలర్లతోనే వాడు కంది వేస్తున్నడు.

అందుకే మీరు కూడా ఇంటికి పంట పెట్టుబడి పంపే ముందు వాన కబురు అడిగినట్టే దిగుమతి సుంకం కబురు కూడా అడగండి. గడువు ఏ నెలకు అయిపోతదో చూసుకోండి. 2016లో అది చూడాలని మాకు తెల్వలేదు.